ముప్పై దాటినా మొటిమలు చెక్కుచెదరకుండా కాపాడుకోవడం ఎలా?

ఇంటర్ అయిపోతే మొటిమలు పోతాయన్నారు. తర్వాత, పెళ్లయితే పోతాయన్నారు. ఆ తర్వాత, ఒక కాన్పయితే అవే సర్దుకుంటాయన్నారు. అన్నీ అయ్యాయి. పిల్లాడు యూకేజీకొచ్చాడు. గడ్డం మీద, దవడ పొడవునా మాత్రం నెలనెలా తేదీ తప్పకుండా లేస్తూనే ఉన్నాయి. ఇరవై అయిదు దాటాక మొటిమలు రావడం, అందులోనూ ఆడవాళ్లకి ఎక్కువగా రావడం చర్మవైద్యులు రోజూ చూసే సంగతే. దానికి మందులున్నాయి. చిక్కేమిటంటే, అవి పనిచేస్తాయి. చీటీలో రాసినట్టు ఓపిగ్గా వాడితే చాలామందికి కొద్ది నెలల్లో మొహం తేటపడిపోతుంది.

తేటపడితే ఇంకేం మిగులుతుంది? పేరంటంలో మాట్లాడ్డానికి విషయం ఉండదు. వీడియో కాల్‌లో కెమెరా ఆపేయడానికి కారణం ఉండదు. ఆడపడుచు పెళ్లిచూపులు ఎగ్గొట్టడానికి సాకు ఉండదు. అందుకే ఈ చిట్కాలు. లక్ష్యాలు రెండే: మొటిమ పోకూడదు, తప్పు మనది కాకూడదు. ఫీజు కట్టాలి, మందులు కొనాలి, అలమారాలో ట్యూబులు బారులు తీరాలి, ఫలితం మాత్రం సున్నా రావాలి. దీనికి తెలివి అక్కర్లేదు, అతితెలివి చాలు. కాస్త బద్ధకం తోడైతే తిరుగులేదు.

1. ముందు మందుల షాపుకి వెళ్లండి

డాక్టరంటే ఫీజు, టోకెను, గంటసేపు కూర్చోవడం. అంతా దండగ. సందు చివర మెడికల్ షాపులో కౌంటరు వెనకున్న కుర్రాడు మీ మొహంకేసి ఒక్క క్షణం చూస్తాడు. అతనికి అది చాలు. "అన్నా, మొహానికి ఏదన్నా మంచి క్రీమియ్యి" అనండి. "తొందరగా తగ్గాలి, కాస్త తెల్లబడాలి కూడా" అని జోడించడం మరిచిపోకండి. ఆ ఒక్క ముక్కతో మీ చేతికి స్టిరాయిడ్ ఉన్న ట్యూబు వచ్చేస్తుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఏదైనా ఒకటే. పేరు చదవకపోవడమే మేలు.

మొదటి వారం వైభవం చూడండి. వాపు దిగుతుంది, ఎరుపు పోతుంది, రంగు తేలుతుంది. పక్కింటి వదిన "ఏం రాస్తున్నావు?" అని అడుగుతుంది. చెప్పండి, పుణ్యం వస్తుంది. స్టిరాయిడ్ చేసేదే అది, లోపలి వాపుని తాత్కాలికంగా నొక్కిపెట్టడం. కొన్ని నెలలు అలాగే రాయండి. చర్మం పలచబడుతుంది. బుగ్గల మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు తేలతాయి. ఎండలోకెళితే మంట. పై పెదవి మీద కొత్తగా నూగు. దాని పక్కనే ఒకే సైజులో గుంపుగా లేచిన మొటిమలు. భయపడి ట్యూబు ఆపేశారో, మొహం భగ్గుమంటుంది. మళ్లీ రాస్తే చల్లబడుతుంది. అంటే ఏమిటి? మందు పనిచేస్తోందన్నమాట! ఈ తర్కాన్ని గట్టిగా పట్టుకోండి, దీంతో ఏళ్లు లాగొచ్చు.

మన దేశంలో ఈ విద్య ఎంతగా వర్ధిల్లిందంటే, స్టిరాయిడ్ పూతలతో పాడైన మొహానికి చర్మవైద్యులు విడిగా ఒక జబ్బు పేరే పెట్టాల్సివచ్చింది. వాళ్ల సంఘం ఐఏడీవీఎల్ దీన్ని ఆపడానికి ఒక ప్రత్యేక బృందాన్నే వేసింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ పూతల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, చీటీ లేకుండా అమ్మకూడదంది. మీరేం కంగారుపడకండి. చట్టం ఢిల్లీలో ఉంది, షాపు మీ సందులో ఉంది.

ఇంకాస్త పైస్థాయి వాళ్లకి మూడు మందులు కలిపిన క్రీము ఉంది. 1975లో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడూ ఆయన సహచరుడూ హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ కలిపి చర్మంలో రంగు తగ్గించే మందొకటి తయారుచేశారు. ఆ వంశంలో పుట్టినదే మన షాపుల్లో మొమెటసోన్‌తో దొరికేది. మంగు మచ్చలకి డాక్టరు కొద్ది వారాలు మాత్రం రాసి, తర్వాత ఆపించే మందు అది. మీరు దాన్ని ఫేస్ క్రీము కింద, పౌడరుకి ముందు, రోజూ పొద్దున్నే పట్టించండి.

2. డాక్టరు దగ్గర నోరు విప్పకండి

ఎవరో బలవంతపెడితే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లక తప్పదు. అప్పుడు ఫౌండేషన్ దట్టంగా వేసుకుని వెళ్లండి. మొటిమలు కనిపెట్టడం ఆవిడ పని, మనం చూపించడమెందుకు?

ఆవిడ ప్రశ్నలు వేస్తుంది. ఇదివరకు ఏం రాశారంటే "ఏం రాయలేదండీ" అనండి. ఆ స్టిరాయిడ్ ట్యూబు హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నా సరే. నెలసరి సరిగ్గా వస్తోందా అంటే "ఆఁ" అనండి. రెండు నెలలకోసారి వస్తోందనీ, గడ్డం మీద వెంట్రుకలు గట్టిపడుతున్నాయనీ, బరువు పెరుగుతున్నాననీ చెబితే ఆవిడకి పీసీఓడీ అనుమానం వచ్చేస్తుంది. హార్మోన్ల పరీక్షలు రాసేస్తుంది, అసలు కారణం దొరికిపోతుంది. ఇంతకంటే నష్టం ఇంకోటి లేదు.

మగవాళ్లు జిమ్ము సంగతి దాచాలి. వే ప్రొటీన్ డబ్బా, కండలకోసం ట్రైనరు ఇప్పించిన ఇంజెక్షను, నీరసానికని పొడిపించుకున్న బీ12 సూదులు, ఏవీ చెప్పకండి. కొందరికి మొటిమలు రేగేది వీటివల్లేనని డాక్టర్లకి తెలుసు. టీబీకి వేసుకునే ఐసోనియాజిడ్, మానసిక వైద్యులు రాసే లిథియం కూడా ఆ జాబితాలోవే. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అన్న ప్రశ్నకి మొటిమల మందులు మాత్రమే లెక్కలోకి వస్తాయని మీకు మీరే నిర్ణయించుకోండి.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా అని అడిగితే సిగ్గుపడి తల దించుకోండి. దీని సంగతి తర్వాత వస్తుంది.

3. ఎనిమిది వారాలంటే ఎనిమిది రోజులని అర్థం చేసుకోండి

డాక్టరమ్మ రాత్రిళ్లు రాసుకోమని అడాపలీన్‌గానీ ట్రెటినాయిన్‌గానీ రాస్తుంది. ఇవి రెటినాయిడ్లు, విటమిన్ ఏ కుటుంబానివి. ట్రెటినాయిన్ అమెరికాలో 1971 నుంచీ మొటిమలకి అమ్ముతున్నదే. చర్మరంధ్రంలో కణాలు పేరుకుని మూసుకుపోకుండా చూడటం వీటి పని. మనకి పైన మొటిమ కనపడేసరికే లోపల దాని కథ కొన్ని వారాల ముందు మొదలై ఉంటుంది. కాబట్టి ఈరోజు రాసిన మందు ఫలితం ఎనిమిది నుంచి పన్నెండు వారాలకి గానీ తెలియదు. పైగా మొదటి వారాల్లో లోపల దాగినవి కొన్ని ఒక్కసారిగా బయటికొచ్చి, మొహం ముందుకంటే అధ్వాన్నంగా కనబడొచ్చు.

సరిగ్గా అప్పుడే ఆపేయండి. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు. "ఉన్నవి తగ్గించమంటే లేనివి తెప్పించింది" అని నలుగురిలో చెప్పండి. అందరూ తలలూపుతారు. "ఆవిడకి హస్తవాసి లేదమ్మా" అంటారు. ఆ మాట రాగానే ఈ డాక్టరు ఫైలు మూసేసి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన కూడా రెటినాయిడే రాస్తాడు, పేరు మారుతుంది. దాన్నీ రెండో వారంలో ఆపేయండి. మూడో డాక్టరు. ఇలా ఊళ్లో ఉన్న బోర్డులన్నీ తిరిగొచ్చాక "నేను వాడని మందు లేదు" అని నిజాయితీగా చెప్పుకోవచ్చు. అబద్ధం కాదుగా.

4. బఠాణీ గింజంత అన్నవాళ్లని నమ్మకండి

మొహమంతటికీ బఠాణీ గింజంత క్రీము చాలంటారు. నాలుగు వందలు పెట్టి కొన్నది గింజంత వాడటానికా? నాలుగు వేళ్లకి తీసుకుని, మొహం కడిగిన వెంటనే, తడి ఆరకముందే రుద్దండి. తడి చర్మంలోకి ఎక్కువ దిగి మంట పుట్టిస్తుందని డాక్టరమ్మ ఆరనిమ్మంటుంది. మంటంటేనే పనిచేస్తున్నట్టు. మొదట్లో రోజు విడిచి రోజు రాయమందా? మీరు రెండుపూటలా రాయండి. మాయిశ్చరైజరు మాత్రం వద్దు, ఉన్న జిడ్డు చాలదా? మూడో రోజుకి పొట్టు లేస్తుంది, నవ్వితే చర్మం చిట్లుతుంది. ఐదో రోజుకి ట్యూబు చెత్తబుట్టలో.

పిసినారులకి ఇంకో దారి ఉంది. మందు మొటిమ నెత్తిన మాత్రమే అగ్గిపుల్లతో చుక్క పెట్టండి. రాబోయే మొటిమల్ని ఆపడానికి మొహమంతా పలచగా రాయాలని డాక్టరమ్మ అంటుంది. రాబోయేవాటి గురించి రాబోయేనాడు చూసుకుందాం. ఈ పద్ధతిలో ఒక ట్యూబు మూడేళ్లొస్తుంది, మొటిమలు కూడా.

5. ఎండని ప్రేమించండి

రెటినాయిడ్ వాడే చర్మానికి ఎండ తొందరగా తగులుతుంది. డాక్సీసైక్లిన్ మింగేవాళ్లకి ఇంకా తొందరగా. అందుకే సన్‌స్క్రీన్ రాసుకోమంటారు. మే నెలలో విజయవాడలో చెమటకి అది నిలుస్తుందా? నిలవదు. కాబట్టి డిసెంబరులో కూడా వద్దు.

దీనివల్ల ఒక దీర్ఘకాలిక లాభముంది. మన రంగు చర్మంలో మొటిమ మానాక కూడా అక్కడ గోధుమరంగు మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. నిజానికి మొటిమలు తగ్గుముఖం పట్టే ఉంటాయి, మిగిలింది మరకే. అయినా అద్దంలో చూసుకుని "ఏం తగ్గలేదు" అనెయ్యండి. మచ్చనీ మొటిమనీ వేరుచేసి చూడటం మొదలుపెడితే ఆశ పుడుతుంది. ఆశ పుడితే మందు మానలేరు.

మచ్చకీ మొటిమకీ రెంటికీ పనికొచ్చే మందు అజిలాయిక్ యాసిడ్ అని ఒకటుంది. గోధుమ, బార్లీ గింజల్లో కూడా ఉండే పదార్థమే. మొదట్లో కాస్త చిమచిమ తప్ప పెద్దగా బాధపెట్టదు, గర్భిణులకి కూడా డాక్టర్లు రాస్తుంటారు. మరీ బుద్ధిమంతురాలి లాంటి మందు. మనకి పనికిరాదు.

6. బెంజాయిల్ పెరాక్సైడ్‌ని తువ్వాళ్ల మీద ప్రయోగించండి

ఈ జెల్లు మొటిమల్లోని బ్యాక్టీరియాని చంపుతుంది. దీనికి ఎదురుతిరగడం ఆ బ్యాక్టీరియాకి ఇంతవరకూ చేతకాలేదు. కాబట్టి దీన్ని వదిలించుకోవడానికి కారణం మనమే వెతుక్కోవాలి. అదృష్టవశాత్తూ కారణం ట్యూబులోనే ఉంది: ఇది బట్టల రంగు తినేస్తుంది. పెళ్లిలో పెట్టిన మెరూన్ దుప్పటి మీద, అత్తగారి కొత్త తువ్వాలు మీద మొహం తుడవండి. తెల్లటి మచ్చలు పడతాయి. ఆ రాత్రే ఇంట్లో పెద్దవాళ్లు ఆ మందుని నిషేధిస్తారు. తెల్ల తువ్వాలు, తెల్ల గలేబు వాడుకుంటే సరిపోతుందన్న సంగతి ఎవరూ ఎత్తకుండా చూసుకోండి.

నిషేధం పడకపోతే దాన్ని ట్రెటినాయిన్‌తో కలిపి ఒకేసారి రాసేయండి. మామూలు ట్రెటినాయిన్‌ని ఇది విరిచేస్తుంది, వెలుతురు కూడా అంతే. ఒక ట్యూబు ఇంకో ట్యూబుని తినేస్తుంది, మీరు మాత్రం రెండూ వాడినట్టు లెక్క. (అడాపలీన్‌తో ఈ ఎత్తు పారదు. అది తట్టుకుంటుంది, పైగా రెండూ కలిపిన జెల్లే దొరుకుతుంది. జాగ్రత్త.)

7. యాంటీబయాటిక్‌ని చిల్లరగా వాడండి

డాక్సీసైక్లిన్ క్యాప్సూలు రాస్తే వాడే పద్ధతి ఇది. రాత్రి మంచమెక్కాక, దీపం ఆర్పాక గుర్తుచేసుకోండి. ఒక్క గుక్క నీళ్లతో మింగి వెంటనే వాలిపోండి. అది గొంతు కింద అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. తెల్లారి గుటక మింగితే గుండెల్లో పొడిచినట్టుంటుంది. గుండెపోటేమోనని ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి పరుగెత్తుతారు. గ్లాసు నిండా నీళ్లతో కూర్చుని మింగి, కాసేపు పడుకోకుండా ఉంటే ఈ హడావుడేదీ ఉండదు. ఎంత చప్పని జీవితం!

రక్తహీనతకిచ్చిన ఐరన్ మాత్రని, గ్యాసుకి తాగే తెల్లమందుని దీంతోపాటే వేసుకోండి. రెండూ కడుపులో క్యాప్సూలుని పట్టేసుకుంటాయి, ఒంటికి అందనివ్వవు. మొటిమలు కాస్త తగ్గగానే నాలుగు క్యాప్సూళ్లు దాచి, దగ్గొస్తే పిల్లల నాన్నకి ఇవ్వండి. లేదా దీనికి పూర్తి విరుద్ధంగా వెళ్లండి: మూడు నెలలు మించకుండా డాక్టర్లు ఆపించే మందుని, పాత చీటీ చూపించి ఏడాది పొడవునా కొనండి.

పూసే క్లిండామైసిన్ ఉంటే దాన్నొక్కదాన్నే రాయండి. దానితో బెంజాయిల్ పెరాక్సైడ్ కలపమంటారు, బ్యాక్టీరియా మందుకి అలవాటుపడకుండా. ఆ బ్యాక్టీరియాకి, అంటే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్‌కి, మన వంతుగా చదువు చెప్పించే అవకాశాన్ని ఎందుకు వదులుకుంటాం? అలా ముదిరిన బ్యాక్టీరియా మీ చర్మం మీదే ఆగదు, ఇంట్లో వాళ్లకీ అంటుతుంది. ఉమ్మడి కుటుంబానికి ఉమ్మడి ఆస్తి.

8. ఐసోట్రెటినాయిన్‌ని సగంలో వదిలేయండి

ఇది పెద్ద మందు. 1982లో అమెరికాలో అనుమతి పొందింది. గడ్డల్లా వచ్చి గుంటలు పడే మొటిమలకీ, మిగతా మందులకి లొంగని మొటిమలకీ దీన్ని రాస్తారు. కోర్సు పూర్తిచేసిన వాళ్లలో చాలామందికి మొటిమలు ఏళ్ల తరబడి తిరిగిచూడవు. అంటే మన లక్ష్యానికి దీన్ని మించిన శత్రువు లేదు. ఎదుర్కొనే మార్గాలు చెబుతాను.

మొదటిది, ఖాళీ కడుపుతో వేసుకోవడం. ఇది కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. కడుపు ఖాళీగా ఉంటే అందేది సగానికి సగం పడిపోతుంది. నెయ్యేసిన పప్పన్నం తిన్నాక వేసుకోమంటే, మీరు తెల్లారుజామున గ్రీన్ టీతో వేసుకోండి. డబ్బు పూర్తిగా ఖర్చవుతుంది, మందు సగమే అందుతుంది.

రెండోది, అద్దం చెప్పినప్పుడు ఆపేయడం. కోర్సు ఎంతన్నది మీ బరువుని బట్టి, మొత్తం మీద ఎంత మందు పడాలన్న లెక్కతో ఉంటుంది. కిలోకి 120 నుంచి 150 మిల్లీగ్రాములు పూర్తయ్యేదాకా అని చాలామంది వైద్యులు చూసుకుంటారు. అది నెలల పని. మీకు రెండో నెలలోనే మొహం శుభ్రపడుతుంది. ఇంకెందుకు వాడటం? ఆపేయండి. కొన్నాళ్లకి మొటిమలు తిరిగి వస్తాయి, "అంత పెద్ద మందుకే లొంగలేదు నాది" అని చెప్పుకునే హోదా వస్తుంది.

మూడోది, రక్తపరీక్షలు ఎగ్గొట్టడం. ఈ మందుకి ట్రైగ్లిజరైడ్లు పెరగొచ్చు, కాలేయం మీద ఒత్తిడి పడొచ్చు. అందుకే పరీక్షలు. ఎగ్గొట్టడం మొహమాటమనిపిస్తే ముందురోజు రాత్రి మటన్ బిర్యానీ, తెల్లారి ఉపవాసం లేకుండా రక్తం. రిపోర్టు చూసి డాక్టరే భయపడి మందు ఆపేస్తుంది. తప్పు ఆవిడ ఖాతాలోకి పోతుంది.

ఇంకా కొన్ని చిల్లర మెలకువలు. పెదాలు ఎండి పగులుతాయి, లిప్ బామ్ కొనకండి, పగుళ్లు చూపిస్తే జాలి దొరుకుతుంది. కోర్సు మధ్యలో బ్యూటీ పార్లరుకెళ్లి పై పెదవికి వ్యాక్స్ చేయించుకోండి, వెంట్రుకతోపాటు చర్మం కూడా ఊడి వస్తుంది. మిగిలిన డాక్సీసైక్లిన్ దీంతో కలిపి మింగేవాళ్లూ ఉన్నారు. ఆ రెండూ కలిస్తే తలలో ఒత్తిడి పెరిగి, తలనొప్పీ చూపు మసకా రావొచ్చని ఏ డాక్టరైనా చెబుతారు. విటమిన్ ఏ మాత్రలు కూడా "బలానికి" పక్కన చేరిస్తే విషానికి దగ్గరవుతారు. ఈ మందు వాడేటప్పుడు మనసు దిగులుగా, ఏదోలా ఉంటే ఎవరికీ చెప్పొద్దనే మొండివాళ్లు కూడా ఉంటారు. ఇంతదూరం వెళ్లాల్సిన పని నిజంగా లేదు. ఆ ఒక్కటీ మాత్రం డాక్టరుకి చెప్పేయండి.

పిల్లల సంగతి తర్వాత వస్తుందన్నాను కదా. ఇక్కడ మా చిట్కాల పుస్తకంలో పేజీ ఖాళీ. ఈ మందు వేసుకుంటూ గర్భం వస్తే బిడ్డకి పుర్రె, మొహం, చెవులు, మెదడు, గుండె తీవ్రమైన లోపాలతో ఏర్పడే ప్రమాదం ఉంది. మొదలుపెట్టే ముందు గర్భ పరీక్ష, నెల ముందునుంచీ, వాడుతున్నంతకాలం, ఆపాక ఇంకో నెలా గర్భం రాకుండా జాగ్రత్త, ఇవి తప్పనిసరి. అమెరికాలో ఈ ఒక్క మందు కోసం 2006లో ఐప్లెడ్జ్ అని ఒక నిఘా ఏర్పాటే పెట్టారు. వాడేవాళ్లు ఆడైనా మగైనా, ఆపాక నెల గడిచేదాకా రక్తదానం కూడా చెయ్యకూడదు, ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో తెలియదు కాబట్టి. అతితెలివికి కూడా ఒక గడప ఉంటుంది. అది దాటకండి. పదండి, మన పనికి వద్దాం.

9. ఇంటిల్లిపాదికీ ఒకే చీటీ

అక్కకి పనిచేసిన మందు చెల్లికి పనిచెయ్యదా? బావగారి చీటీని వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకోండి. డాక్టరు రాతలో సగమే అర్థమవుతుంది, మిగతా సగం షాపు కుర్రాడు పూరిస్తాడు.

ఈ విషయంలో స్పైరోనోలాక్టోన్‌కి సాటి లేదు. అది నిజానికి బీపీకి, ఒంట్లో నీరు లాగడానికి ఇచ్చే మాత్ర. మగ హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకుంటుంది కాబట్టి దవడ వెంట మొటిమలొచ్చే ఆడవాళ్లకి డాక్టర్లు రాస్తారు. ఎలాగూ బీపీ మాత్రే కదా అని మామగారి డబ్బాలోంచి రోజుకొకటి తీసుకోండి. రక్తంలో పొటాషియం పెంచుతుంది, అందుచేత కిడ్నీ జబ్బున్నవాళ్లూ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లూ జాగ్రత్తపడాలి. ఆ మాట మీకెవరు చెబుతారు? మీరు డాక్టర్నే అడగలేదాయె. భార్యకి మొహం తేటపడిందని భర్త కూడా అదే మాత్ర మొదలుపెట్టిన ఇల్లు ఇంకా ఘనం. మగవాళ్లు వాడితే ఛాతీ పెరుగుతుంది. అప్పుడు మొటిమల్ని ఎవరూ పట్టించుకోరు.

10. వంటింట్లో దూరండి

నిమ్మకాయ, వంటసోడా, టూత్‌పేస్టు. ఈ త్రిమూర్తుల ముందు ఫార్మా కంపెనీలు దిగదుడుపు. రాత్రి రెటినాయిడ్‌తో పొట్టు లేచిన చోట పొద్దున నిమ్మచెక్క రుద్దండి. కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడిందన్న సామెతకి మన మొహం మీదే ప్రదర్శన. తలకి కొబ్బరినూనె కారేలా పెట్టి, నుదుటి మీదికి జారనిచ్చి పడుకోండి. నుదుటి మొటిమలకి ఇదే ఎరువు.

11. వేళ్లని ఖాళీగా ఉంచకండి

ఫోను మాట్లాడుతూ గిల్లండి. మీటింగులో గిల్లండి. పక్వానికి రాని గడ్డని రెండు గోళ్ల మధ్య పెట్టి నొక్కితే అందులోది సగం బయటికి, సగం లోపలికి పోతుంది. లోపలికి పోయిన సగం గుంటగా మారి శాశ్వతంగా ఉంటుంది. వేరే మార్గాలన్నీ విఫలమైనా ఇది ఒక్కటీ విఫలమవదు.

12. సాకుల డబ్బా సిద్ధంగా ఉంచుకోండి

ఎప్పుడు ఎవరు "ఇంకా తగ్గలేదా?" అన్నా జవాబు నాలుక చివరుండాలి. కొన్ని మన్నికైనవి:

"మాది బోరు నీళ్లండీ." ఏ ఊళ్లోనైనా చెల్లుతుంది.

"ఒంట్లో వేడి." దీన్ని కాదనగలిగిన తెలుగువాడు ఇంతవరకూ పుట్టలేదు. మజ్జిగ తాగమంటారు, తాగండి.

"దిష్టి." మొటిమలొచ్చిన మొహానికి దిష్టేమిటని ఎవరూ అడగరు.

"మావాళ్లందరికీ ఇంతే." ఇందులో కొంత నిజముంది, వారసత్వం పాత్ర ఉంది. అందుకే ఇది ఎక్కువగా వాడకండి, నిజం కలిసిన సాకు తొందరగా పాడవుతుంది.

"మొన్న మిర్చిబజ్జీలు తిన్నాను." నేరం నూనె మీద వెయ్యండి. పరిశోధకులు అంతో ఇంతో వేలు చూపించేది తీపిపదార్థాలు, మైదా లాంటి, రక్తంలో చక్కెర గబుక్కున పెంచే తిండివైపూ, కొంతవరకూ పాలవైపూ. వాటిని మాత్రం పల్లెత్తు మాట అనకండి, సాయంత్రం కాఫీ మైసూర్‌పాకుల మాటేమిటి మరి?

13. మళ్లీ రమ్మన్న రోజు

మూడు నెలల తర్వాత ఫలానా తేదీకి రండి, మందు మార్చాలో తగ్గించాలో చూద్దాం అంటారు. ఆ తేదీకి చుట్టాలింట్లో ఎవరిదో గృహప్రవేశం తప్పకుండా పడుతుంది. వెళ్లండి. వ్రతం పీటల దగ్గర, అరిటాకుల దగ్గర, మీ మొహం గురించి సలహా ఇవ్వని వాళ్లు ఒక్కరూ ఉండరు. అన్నీ రాసుకోండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టండి.

ఇవన్నీ పాటించాక కూడా మొహం తేటపడితే మా పూచీ లేదు. ఎక్కడో పొరపాటున డాక్టరు మాట విన్నారన్నమాట.